కుక్కా పిల్లీ అత్తమ్మా... అందరితో కలిసి రాష్ట్రం మారడం ఎలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది హనుమకొండ. మా ఆయనకి పూణేలో ప్రైవేటు కంపెనీలో జాబ్ వచ్చింది, జూన్ మొదటి వారంలో జాయిన్ అవ్వాలె. ఇంట్లో అయిదుగురం. అత్తమ్మకి 72 ఏళ్లు, పాప ఎనిమిదో తరగతి అయిపోయి తొమ్మిదికి వస్తది, బాబు మూడో తరగతి. ఇంకా మా జిమ్మీ (వీధి కుక్కే, అయిదేళ్ల కింద వానలో తడుసుకుంట వచ్చి మా ఇంట్ల చేరింది, 18 కిలోలు ఉంటది), ఒక పిల్లి. చుట్టాలంతా కుక్కని ఎవరికన్నా ఇచ్చేయండి అంటున్నరు, అత్తమ్మ మాత్రం జిమ్మీ రాకపోతే నేనూ రాను అని కూసుంది. సామాను లారీ ఎక్కించంగనే అందరం మా కార్లనే ఒకేసారి పోదాం అంటడు మా ఆయన. ఇది అయ్యే పనేనా? పాప చదువు గురించి కూడా కొంచెం చెప్పు అక్కా. – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు మీ అత్తమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆవిడ మాటే ఖాయం చేసేయండి, ఆ ఇచ్చేయడం గురించిన చర్చ ఇంట్లో మళ్లీ రానివ్వద్దు. అయిదేళ్లు ఇంట్లో పెరిగిన కుక్కని తీసుకెళ్లి ఎవరి పెరట్లోనో కట్టేస్తే అది తిండి మానేసి గేటు వైపే చూస్తూ పడుంటుంది, నేను చూశాను కాబట్టి చెప్తున్నా.

ఇక మీ ఆయన ప్లాన్‌లో నాకు నచ్చనిది ఆ "అందరం ఒకేసారి" అనేదొక్కటే. మేం తొమ్మిదేళ్లలో నాలుగు ఊళ్లు మారాం, మొదటిసారి ఇలాగే చేశాం, లారీ రోజే మా ప్రయాణం కూడా. కూలీలు బీరువా ఎత్తబోతుంటే దాని వెనక నుంచి కీచుమని అరుపు, చూస్తే మా పిల్లి ఆ బెత్తెడు సందులో ఇరుక్కుని ఉంది, ఇంకొక్క క్షణం ఆగకపోతే ఏమయ్యేదో. తర్వాత అది ఇంట్లోంచి దూకి పారిపోయింది, రాత్రి తొమ్మిదింటికి దొరికింది, అప్పటిదాకా లారీ అతను ఫోన్ మీద ఫోన్. అందుకే తేదీని లారీ దొరికే రోజు చూసి పెట్టుకోవద్దు, ఇంట్లో మార్పుకి ఎక్కువ బెదిరేది ఎవరో చూసి వాళ్ల లెక్కన పెట్టుకోండి. మీ ఇంట్లో వాళ్లు ముగ్గురున్నారు, పిల్లి, అత్తమ్మగారు, తొమ్మిదో తరగతి పాప.

నేనైతే ఇలా చేస్తా. మీ ఆయన ముందు వెళ్లి జాయిన్ అయ్యి ఇల్లు చూసుకుంటాడు. తర్వాత సామాను వెళ్తుంది, ఆ రోజు జిమ్మీనీ పిల్లినీ తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచండి, కుదరకపోతే ఒక బాత్రూంలో పిల్లిని దాని గిన్నె, మట్టి ట్రే తో సహా పెట్టి తలుపు మీద "తెరవొద్దు, లోపల పిల్లి ఉంది" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించండి. పూణే ఇంట్లో మంచాలు వేసి, పిల్లి పాత దుప్పటి ఉతక్కుండా ఒక గదిలో పరిచాక, చివర్లో జంతువులు. అత్తమ్మగారు, పిల్లలు, మీరు రైల్లో వెళ్లండి, మీ ఆయన ఇంకో మనిషిని తోడు తీసుకుని కార్లో వీటిని తీసుకెళ్తాడు. రెండుసార్లు తిరగడం ఖర్చే, కానీ అయిదుగురు మనుషులు, కుక్క, పిల్లి ఒకే కార్లో 700 కిలోమీటర్లు అంటే జహీరాబాద్ దాటకముందే ఇంట్లో అందరికీ మాటలుండవు.

జిమ్మీని కూడా రైల్లో తీసుకెళ్లొచ్చు కదా అనుకుంటారేమో. వీలుంది, కానీ సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్ వేటిలోనూ పెద్ద కుక్కని ఎక్కనివ్వరు. ఏసీ ఫస్ట్ క్లాసులో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ చేతికే వస్తేనే మీతో ఉంటుంది, ఆ కూపే వచ్చిందో లేదో తేలేది చార్ట్ అయ్యాకే, అప్పుడు రాలేదంటే ఇంత తయారీ వేస్ట్. టికెట్ కూడా మామూలు కౌంటర్లో కాదు, స్టేషన్ పార్సిల్ ఆఫీసులో, టీకాల కార్డు, డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూపించి లగేజీ లెక్కన తీసుకోవాలి. ఇది కాకపోతే గార్డు దగ్గర బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్. ఎండాకాలం ఆ ఇనప డబ్బాలో ఇంటి కుక్కని నేనైతే ఎక్కించను. విమానంలో 18 కిలోల కుక్క మన పక్కన కూర్చోవడం కుదరదు, కార్గోలోనే వెళ్లాలి. కాబట్టి మీకు కారే.

హైదరాబాద్ నుంచి పూణే 560 కిలోమీటర్లు, మీకు దాని మీద ఇంకో 145 దాకా. హైదరాబాద్ దాటాక రోడ్డు మొత్తం 65వ నెంబర్ నేషనల్ హైవే, మచిలీపట్నం నుంచి పూణే దాకా వెళ్లేదే, మధ్యలో హుమ్నాబాద్, ఉమర్గా, షోలాపూర్ వస్తాయి. ఎండలుంటాయి కాబట్టి తెల్లవారుజామున మూడున్నర నాలుగింటికే బయల్దేరండి, ఒక్కరోజులో లాగేయకుండా షోలాపూర్‌లో రాత్రి ఆగండి, కుక్కని రానిచ్చే లాడ్జి ఏదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఒక సంగతి చెప్పనా, షోలాపూర్‌లో మన పద్మశాలీలు తరాల కింద మగ్గం పనికి వెళ్లి స్థిరపడ్డవాళ్లు బోలెడుమంది, టీ కొట్టు దగ్గర తెలుగు వినపడితే ఆశ్చర్యపోకండి, మీ ఆయనకి హిందీ రాకపోయినా అక్కడి దాకా గడిచిపోతుంది.

ప్రయాణానికి మూడు వారాల ముందు నుంచే పిల్లి బుట్టని హాల్లో తెరిచి పెట్టి అందులోనే తిండి పెట్టండి, లేకపోతే ఆ రోజు దాన్ని అందులోకి తోయడానికి మీ చేతులు రక్తాలు కారతాయి. జిమ్మీని రోజూ కార్లో ఒక పది నిమిషాలు తిప్పండి, కారంటే ఇంజెక్షనే అని కాకుండా షికారు కూడా ఉంటుందని దానికి తెలియాలి. బయల్దేరే ముందు నాలుగు గంటలు ఏమీ పెట్టొద్దు, నీళ్లు మాత్రం ఆపొద్దు. రెండు మూడు గంటలకోసారి ఆగినప్పుడు తలుపు తీసే ముందే గొలుసు చేతికి చుట్టుకోవాలి, తీశాక కాదు. హైవే పక్కన తప్పిపోయే కుక్కలన్నీ ఆ ఒక్క క్షణంలోనే తప్పిపోతాయి. మెడ పట్టీ మీద మీ ఫోన్ నెంబర్ రాయించండి. పిల్లి బుట్టని దారిలో అస్సలు తెరవొద్దు, ఎంత ఏడ్చినా సరే. టిఫిన్‌కి దిగినా ఎండలో అద్దాలెత్తేసి లోపల వదిలేసి పోవద్దు, ఇది అయిదు నిమిషాలకి కూడా వర్తిస్తుంది. నిద్రమాత్ర వేసేద్దాం అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, మీ డాక్టర్ చూసి రాస్తే తప్ప వద్దు.

ఇల్లు చూసేటప్పుడే ఓనర్‌కి కుక్క ఉందని చెప్పేయండి, దాచిపెట్టి దిగితే రోజూ గొడవే. అపార్ట్‌మెంట్ సొసైటీ వాళ్లు మాత్రం పెంపుడు జంతువుల్ని పూర్తిగా వద్దనడానికి గానీ, లిఫ్ట్ ఎక్కనివ్వం అనడానికి గానీ, దానికని వేరే డబ్బులు అడగడానికి గానీ లేదని యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ కాగితం ఒకటి ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. అట్లని మనవాడు లిఫ్ట్‌లో పాడు చేస్తే తుడవాల్సింది మనమే. పూణే కార్పొరేషన్‌లో కుక్కకి లైసెన్సు తీసుకోవాలి, దానికి రేబిస్ టీకా కార్డు కావాలి.

ఇప్పుడు పాప సంగతి. మీ ఉత్తరంలో ఇది చివరి వాక్యం, నాకైతే ఇదే మొదటిది. డాక్టర్ చదవాలని ఆశ ఏమైనా ఉందా? ఉంటే ఆగి ఆలోచించాలి. తెలంగాణలో ఎంబీబీఎస్ స్థానిక కోటాకి తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా నాలుగేళ్లు వరసగా ఇక్కడే చదివుండాలి అని 2024లో జీవో 33 ఇచ్చారు, దాని మీద కోర్టుల్లో పెద్ద గొడవే నడిచింది, 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా రూల్ కరెక్టే అంది. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ ప్రైవేటు జాబ్ వాళ్లకి అవి లేవు. అంటే మీ పాప సరిగ్గా ఆ నాలుగేళ్లు మొదలయ్యే చోటే రాష్ట్రం దాటుతోంది. పోనీ మహారాష్ట్ర కోటా వస్తుందా అంటే అక్కడ పది, పన్నెండు అక్కడే చదవడంతో పాటు డొమిసైల్ సర్టిఫికెట్ అడుగుతారు, దానికి 15 ఏళ్ల నివాసం చూపించాలి. రెంటికి చెడ్డ రేవడి అన్నమాట. ఇంజినీరింగ్ అయితే ఇంత బాధ లేదు, ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం సగం సీట్లకి పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారో అదే లెక్క, పూణేలో చదివితే మీ ఇంటి పక్కనున్న వరంగల్ ఎన్ఐటీలో హోమ్ స్టేట్ పోయి నాగ్‌పూర్‌లో వస్తుంది, అంతే తేడా.

డాక్టర్ ఆశ గట్టిగా ఉంటే మీరూ పాపా అత్తమ్మగారూ హనుమకొండలోనే ఉండి మీ ఆయన నెలకోసారి వచ్చిపోవడం అనేది ఒక దారి, నాలుగేళ్లు అలా గడపడం చిన్న విషయం కాదు. ఆశ ఊరికే చుట్టాలు అనే మాట వరకే అయితే కోటా కోసం పదమూడేళ్ల పిల్లని హాస్టల్లో వేసి మీరంతా వెళ్లిపోవడం నాకిష్టం లేదు. పాపని కూర్చోబెట్టి అడగండి, వాళ్లకి ఆ వయసులో మనం అనుకున్న దానికన్నా ఎక్కువే తెలుస్తుంది. బాబుకి ఏ ఇబ్బందీ లేదు, అక్కడ 2020 చట్టం వచ్చాక మరాఠీ తప్పనిసరి సబ్జెక్ట్ అయింది, మూడో తరగతి వాడు ఆరు నెలల్లో మీకే నేర్పిస్తాడు.

ప్రశ్న: గుంటూరు నుంచి బెంగళూరు మారాం మేడమ్. కారు ఏపీ నెంబరే, ఇంకా లోన్ ఉంది. వెంటనే కేఏ నెంబర్ చేయించకపోతే పట్టుకుంటారు అంటున్నారు. గ్యాస్ కనెక్షన్, ఓటు, లైసెన్సు కూడా మార్చాలా? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వెంటనే కాదండి. వేరే రాష్ట్రంలో బండి 12 నెలలు దాటి ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ చేయించాలి అని మోటారు వాహనాల చట్టంలో ఉంది. ఈలోపు ఎవరైనా ఆపితే మీరు ఎప్పుడొచ్చారో చూపించడానికి ఇంటి అగ్రిమెంట్, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఫోన్‌లో ఉంచుకోండి. మార్చేటప్పుడు ముందు బ్యాంకు నుంచి ఎన్ఓసీ, దాంతో పాత ఆర్టీవో నుంచి ఫారం 28లో ఎన్ఓసీ, తర్వాత కర్ణాటకలో బండి వయసు చూసి టాక్స్ కట్టించుకుంటారు. ఏపీలో కట్టిన లైఫ్ టాక్స్‌లో మిగిలిన కాలానికి రిఫండ్ అడగొచ్చు, చాలామంది బద్ధకించి వదిలేస్తారు, మీరు వదలకండి. మీ కంపెనీకి నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులుంటే బీహెచ్ (భారత్) సిరీస్ నెంబర్ కూడా చూడండి, 2021 నుంచి ఉంది, మళ్లీ ఊరు మారినా నెంబర్ మార్చక్కర్లేదు.

లైసెన్సు దేశమంతా చెల్లుతుంది, దాన్ని కదపొద్దు. ఓటుకి ఫారం 8. గ్యాస్‌కి సిలిండర్, రెగ్యులేటర్ పాత ఏజెన్సీలో అప్పజెప్పి డిపాజిట్ వెనక్కి తీసుకుని వోచర్ రాయించుకోవాలి, అది చూపిస్తే కొత్త చోట ఇస్తారు. మీరు ఇప్పటికే వచ్చేశారు కాబట్టి అడుగుతున్నా, సిలిండర్ లారీలో వేసుకురాలేదు కదా?

ప్రశ్న: రాజమండ్రి నుంచి భువనేశ్వర్ వెళ్తున్నాం. నానమ్మ ఎనిమిదేళ్లుగా పెంచుకుంటున్న రామచిలుక ఉంది. పంజరంతో రైల్లో తీసుకెళ్లొచ్చా? – రాజమహేంద్రవరం నుంచి

జవాబు: తీసుకెళ్లడం సంగతి తర్వాత, ఇంట్లో ఉంచుకోవడమే నేరం అమ్మా. మన రామచిలుక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వస్తుంది, జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. నక్షత్ర తాబేలు కూడా అంతే, అదృష్టం అని ఇంట్లో పెట్టుకుంటారు చూడండి, అది. లవ్ బర్డ్స్, బడ్జీలు విదేశీ జాతులు, వాటికి ఈ నిషేధం లేదు. అలా అని డాబా మీదకెళ్లి పంజరం తలుపు తీసేయకండి, ఎనిమిదేళ్లు చేతిలో జామకాయ తిన్నది బయట ఒక్కరోజు కూడా బతకదు, కాకులు పొడిచేస్తాయి. అటవీ శాఖ ఆఫీసుకి మీరే వెళ్లి అప్పగించండి. నానమ్మగారికి చెప్పడం కష్టమే, నాకు తెలుసు, ఆవిణ్ణి కూడా వెంట తీసుకెళ్తే ఎవరి చేతికిచ్చామో చూసుకున్న తృప్తి అయినా ఉంటుంది.

ప్రశ్న: అక్కా అర్జెంట్. మూడు రోజుల కింద బెంగళూరులో కొత్త ఇంట్లో దిగాం, మూడో అంతస్తు. ఫ్రిజ్ లోపలికి తెస్తుంటే మా పిల్లి మెట్ల మీదుగా పరిగెత్తింది, ఇప్పటిదాకా లేదు. అనంతపురం వెళ్లిపోతుందా? – పేరు వద్దు

జవాబు: వెళ్లదు. ఇంట్లో పెరిగిన పిల్లి కొత్త చోట బెదిరితే దూరం పోదు, దగ్గరలోనే సందు చూసుకుని నక్కుతుంది, మీరు పిలిచినా భయానికి పలకదు. పగలు పదిమందిని వేసుకుని పేరు పెట్టి అరుస్తూ తిరగడం ఆపేయండి. రాత్రి పన్నెండు దాటాక ఒక్కరే టార్చి పట్టుకుని వెళ్లండి, నేల మీద వంగి కింద నుంచి వెలుగు వేస్తే కళ్లు మెరుస్తాయి. పార్కింగ్‌లో కార్ల కింద, మోటారు గది, జనరేటర్ వెనక, మెట్ల కింద పాత సామాను, పక్క బిల్డింగ్ ఇసక కుప్ప పక్కన, అన్నీ. వాచ్‌మన్‌ని కెమెరాలు అడగండి, గేటు దాటిందా లేదా అన్నది తేలితే సగం పని అయినట్టే. మీరు పడుకున్న దుప్పటి ఉతక్కుండా గుమ్మం బయట వేసి పక్కనే అది రోజూ తినే చేపల అన్నమే పెట్టండి. కనపడగానే పరిగెత్తొద్దు, అక్కడే నేల మీద కూర్చుని వేరే వైపు చూస్తూ నెమ్మదిగా మాట్లాడండి, దానంతట అదే వస్తుంది, గంట పట్టినా సరే. దొరికాక మూడు వారాలు ఒకే గదిలో ఉంచండి. మా పిల్లి ఒకసారి రెండు రాత్రులు మా స్కూటీ కవర్ లోపలే పడుకుంది, మేం ఊరంతా వెతికాం. మీది ఎక్కడ దొరికిందో తప్పకుండా రాయండి.