కంఠీరవలో పెద్ద బ్యానర్ ఎత్తాలంటే: ‘ఛాంపియన్స్’ ముక్క మాత్రం విడిగా కుట్టించండి

మీరు అడిగింది ఇది: మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఉండే 40 మంది తెలుగువాళ్లు బెంగళూరు ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్తుంటారు. ఈసారి జట్టు టైటిల్ కొడితే కంఠీరవ స్టేడియంలో 40 అడుగుల వెడల్పు, 24 అడుగుల ఎత్తు బ్యానర్ ఎత్తాలి, ఆ తర్వాత డప్పులతో రోడ్డు మీద ఊరేగాలి. గుడ్డ ఎంత పడుతుంది, రంగు ఏది, ఎక్కడ తేడా కొడుతుంది? బ్యానర్ గురించి వివరంగా చెప్తాను. ఊరేగింపు మాత్రం వద్దంటాను, ఎందుకో కింద రాశాను.

ముందు తలలు లెక్కపెట్టండి. గ్యాలరీలో ఒక్కో మనిషికి అడుగున్నర పైచిలుకు వెడల్పు, వరసకీ వరసకీ మధ్య సుమారు రెండున్నర అడుగులు అనుకుంటే, మీరు చెప్పిన కొలత గుడ్డ 230, 240 సీట్లను కప్పేస్తుంది. మీరు 40 మందే. అంచు చుట్టుకొలత 128 అడుగులు, నాలుగడుగులకి ఒకరు పట్టుకున్నా 32 మంది అంచుకే సరి. మధ్యలో ఉండే రెండు వందల మందీ మీకు తెలియనివాళ్లే. వాళ్లు చేతులెత్తకపోతే గుడ్డ నడుమ తొట్టిలా దిగబడిపోతుంది, ఎదుటి స్టాండుకి సగం అక్షరాలే కనిపిస్తాయి. అందుకని రెండు దారులు. ఒకటి, 20 అడుగులకి 12 అడుగులకి తగ్గించుకోండి. 60 సీట్ల పని, మీ 40 మందీ ఇంకో ఇరవై మందిని కలుపుకుంటే చాలు. రెండు, జట్టు అభిమానుల సంఘం వెస్ట్ బ్లాక్ బ్లూస్ వాళ్లతో ముందే మాట్లాడి వాళ్ల స్టాండులో, వాళ్ల లెక్కలో ఎత్తండి. వాళ్లని కాదని పక్క స్టాండులో పోటీ బ్యానర్ పెట్టడం అంత బాగుండదు. ఎవరు ఎత్తినా క్లబ్బు అనుమతి తప్పనిసరి: డిజైన్ ఫోటో, కొలతలు, బరువు, ఎత్తే నిమిషం, మోసేవాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు, ఇవి కనీసం వారం ముందు పంపండి. గేటు దగ్గర చూపించడానికి జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి.

ఇక శీర్షికలో చెప్పిన సంగతి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కప్పు రాకముందే గుడ్డ మీద ‘ఛాంపియన్స్’ అని రంగు వేసేస్తారు. 2015 మే 31న ఇదే కంఠీరవలో అప్పటి దేశ అగ్ర ఫుట్‌బాల్ లీగ్ ఐ-లీగ్ ఆఖరి మ్యాచ్. బెంగళూరు గెలవాలి, మోహన్ బగాన్‌కి డ్రా చాలు. 87వ నిమిషంలో బగాన్ గోల్ కొట్టి 1-1 చేసింది, టైటిల్ కోల్‌కతా వెళ్లిపోయింది. 2018 మార్చి 17న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ కూడా ఇక్కడే, చెన్నైయిన్ 3-2తో పట్టుకుపోయింది. ఇంకో చిక్కు: టైటిల్ మన ఊళ్లోనే తేలుతుందన్న హామీ లేదు. 2014 ఐ-లీగ్ టైటిల్ గోవాలో డెంపో మీద గెలిచినప్పుడు ఖాయమైంది, 2019 ఐఎస్ఎల్ ఫైనల్ ముంబైలో, అదీ అదనపు సమయం 117వ నిమిషంలో రాహుల్ భేకే గోల్‌తో. సొంత మైదానంలో ఖాయం చేసుకున్నది 2016 ఐ-లీగ్‌లో, సల్గావ్‌కర్ మీద. కాబట్టి పెద్ద గుడ్డ మీద జట్టు పేరు, ఊరి పేరు, బొమ్మ మాత్రమే ఉండాలి. ‘ఛాంపియన్స్’ అన్నది 20 అడుగులకి 5 అడుగుల విడి ముక్క. దాని చుట్టూ రెండంగుళాల వెల్క్రో, 16 మీటర్లు తీసుకుంటే సరిపోతుంది. గరుకు వైపు చిన్న ముక్కకి, మెత్తటి వైపు పెద్ద గుడ్డకి కుట్టించండి. తారుమారైతే చిన్న ముక్క లేని రోజుల్లో పెద్ద గుడ్డ మడతలన్నీ ఒకదానికొకటి పట్టుకుని, విప్పేటప్పుడు దారాలు లేచిపోతాయి.

గుడ్డ: నీలం టెరికాటన్ పాప్లిన్, 44 అంగుళాల పన్నా. సాటిన్ మెరుస్తుంది గానీ దాని మీద రంగు పెచ్చులూడుతుంది. పూర్తి నూలు గుడ్డ రంగు బాగా పట్టుకుంటుంది, కానీ బెంగళూరు సాయంత్రం వాన ఒక్కటి పడితే నీళ్లు తాగి దాదాపు రెట్టింపు బరువెక్కుతుంది. ఫ్లెక్సు మాట ఎత్తకండి, మడతపెడితే విరుగుతుంది, పైగా దాని కింద గాలి ఆడదు.

40 × 24 కే వెళ్తామంటే లెక్క ఇదీ. కుట్టుకి రెండు వైపులా అంగుళం చొప్పున పోతే ఒక్కో పట్టీకి 42 అంగుళాలు మిగులుతుంది. 12 పట్టీలు కలిపితే 42 అడుగులు, పక్క అంచుల మడతకి చెరో అడుగు. ఒక్కో పట్టీ పొడవు 25 అడుగులు, అంటే 7.62 మీటర్లు, పైనా కిందా అర అడుగు మడత. మొత్తం 91 మీటర్ల పైన, 95 మీటర్లు కొనండి. చిక్‌పేట హోల్‌సేల్ కొట్లలో అడిగేటప్పుడు అన్ని తానులూ ఒకే రంగు లాట్‌వి కావాలని గట్టిగా చెప్పండి. కొట్లో ట్యూబులైటు కింద ఒకేలా కనిపించిన రెండు నీలాలు, స్టేడియం ఫ్లడ్‌లైట్ల కింద చారలు చారలుగా తేలతాయి. కుట్టు జీన్స్ ప్యాంటు పక్కకుట్టులా మడిచి రెండు వరసలు వేయించాలి, దారం పాలిస్టర్. 11 అతుకులూ అంచులూ కలిపి నాలుగు వందల అడుగుల కుట్టు. మోటారు మిషను ఉన్న టైలరుకి కూడా ఒక రోజు పని, గుడ్డ బరువు లాగకుండా పట్టుకోడానికి ఇద్దరు పక్కన ఉండాలి. పై అంచు మడతలోకి 6 మి.మీ. నైలాన్ తాడు దూర్చండి.

రంగులో పొదుపు చిట్కా ఒక్కటే: నీలం గుడ్డే నీలం రంగు. మీరు వేసేది తెలుపు మాత్రమే. అక్షరాలూ బొమ్మా కలిపి 30 చదరపు మీటర్లు మించనివ్వకండి. ఒక్క పూత తెలుపు ఎండాక నీలి బూడిదలా కనిపిస్తుంది, రెండు పలుచటి పూతలు కావాలి. ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ 4 లీటర్ల డబ్బాలు రెండు తీసుకోండి. నీళ్లు ఐదో వంతు కలపండి. అంతకు మించితే రంగు నూలుపోగు వెంట పాకి అక్షరం అంచు చెదిరిపోతుంది, అసలు కలపకపోతే మందంగా పడి మడత దగ్గర పగులుతుంది. డిస్టెంపర్ చవకే, కానీ కింద నిలబడ్డవాళ్ల జుట్టంతా సున్నం రాలుతుంది. ఆయిల్ పెయింటు పగులుతుంది, వాసన, పైగా మంట అంటుకునే సరుకు.

బొమ్మ పెంచడానికి ఏ3 కాగితం మీద 40 సెం.మీ. × 24 సెం.మీ. డిజైన్ గీసి సెంటీమీటరుకొక గడి కొట్టండి. గుడ్డ మీద అదే గడి అడుగు. సుద్దపొడి పట్టించిన దారం లాగి కొడితే గంటలో గడులు పడిపోతాయి. అపార్టుమెంటు సెల్లారులో వేసేట్లయితే అసోసియేషన్ వాళ్లకి ముందే చెప్పి, కింద పాలిథీన్ షీటు పరవండి. వార్తాపత్రికలు పరిస్తే వెనక్కి దిగిన రంగుకి అతుక్కుని, అచ్చులు కూడా పడతాయి. రెండో పూత తర్వాత ఒక రాత్రంతా ఆరాలి. మడిచేముందు రంగు మీద టాల్కం పౌడరు చల్లండి. ఆరిందనుకుని మడిచిన ఎమల్షన్ మర్నాటికి ముఖాముఖీ అతుక్కుని, విడదీస్తే పొరలుగా లేస్తుంది.

అక్షరాల ఎత్తు: ప్రతి అంగుళం పది అడుగుల దూరం వరకు హాయిగా చదవొచ్చు. కంఠీరవలో మైదానం చుట్టూ పరుగు ట్రాక్ ఉంది, ఎదుటి స్టాండు నాలుగు వందల అడుగుల దూరం అనుకోండి. కాబట్టి 40 అంగుళాలు కనిష్ఠం, 5 అడుగులైతే బాగుంటుంది, గీత మందం 10 అంగుళాలు. కన్నడలో రాయండి, ఊరి జట్టు కదా. ఇక్కడే మనవాళ్లు తప్పుచేస్తారు: లిపి దగ్గర దగ్గరగా ఉంటుంది కాబట్టి తెలియకుండానే తెలుగు తలకట్టు, టిక్కు మార్కులాంటిది, పెట్టేస్తారు. కన్నడ తలకట్టు అడ్డంగా సాగి చివర వంగుతుంది. అయిదడుగుల అక్షరంలో అది కొట్టొచ్చినట్టు తెలిసిపోతుంది. సుద్దతో గీసిన దశలోనే ఒక కన్నడ స్నేహితుడికి ఫోటో పంపించండి. ‘నమ్మ’లోని మ వత్తు కోసం అక్షరం కింద ఇంకో రెండున్నర అడుగుల చోటు వదలడం కూడా మర్చిపోతారు.

రంగు, తాడుతో కలిపి 16, 17 కిలోలు తూగుతుంది. మడత చుట్టలా కాకుండా విసనకర్రలా పెట్టండి, కింది అంచు పైకి వచ్చేలా. నాలుగు మూలలకీ నాలుగు రంగుల టేపు అంటించి ‘కింద ఎడమ’, ‘కింద కుడి’ అని రాయండి. తలకిందులుగా ఎత్తిన బ్యానర్ని కింద ఉన్నవాళ్లెవరూ కనిపెట్టలేరు. వాళ్లకి కనిపించేది నీలం కప్పు ఒక్కటే, టీవీలో చూసేవాళ్లకే తెలుస్తుంది. కాబట్టి ఒక మనిషి ఎదుటి స్టాండులో ఫోన్‌తో ఉండాలి. గుడ్డ పై వరసలో పెట్టి కిందికి వదిలితే వాలు మీద చేతుల మీదుగా జారిపోతుంది. కింది నుంచి పైకి లాగితే రెట్టింపు సమయం, చిరుగుల బెడద కూడా. విజిల్‌కి విప్పడం, 60 నుంచి 90 సెకన్లు, రెండో విజిల్‌కి ఒక పక్కకి లాగేయడం. కింద ఉక్కగా ఉంటుంది, ఆయాసం ఉన్నవాళ్లనీ చిన్నపిల్లల్నీ ముందే పక్క వరసకి పంపండి. ప్రతి సీటు మీద చిన్న చీటీ పెట్టండి, కన్నడలో, ఇంగ్లీషులో: విజిల్ వేస్తే చేతులెత్తండి, గుడ్డని గుంజకండి, సిగరెట్ వెలిగించకండి.

మెట్ల దారి మీద గుడ్డ పడకూడదు. దారి మధ్యలో వస్తే బ్యానర్ని రెండు ముక్కలుగా కుట్టించి నడుమ ఖాళీ వదలండి. డిజైన్ చెడుతుందని వాదించేవాళ్లు ఉంటారు, వినకండి.

ఎత్తాల్సిన సమయం జట్లు మైదానంలోకి వచ్చేటప్పుడు. ఫైనల్ విజిల్ పడగానే ఎత్తొద్దు. అప్పుడు అందరూ సీట్లెక్కి గెంతుతుంటారు, గుడ్డ కింద ఒకరు పడితే పైవాళ్లకి కనబడదు. ‘ఛాంపియన్స్’ ముక్క అతికించి రెండోసారి ఎత్తేది మైదానంలో కప్పు ఇచ్చే వేదిక సిద్ధమయ్యాకే. ఆ వ్యవధిలో జనం కాస్త కుదుటపడతారు, మీకూ వెల్క్రో సరిగ్గా ఒత్తుకునే తీరిక ఉంటుంది.

డప్పుల గురించి క్లుప్తంగా. ఇక్కడి తోలు డప్పు తమటె మోత బాగుంటుంది కానీ తోలు చెమ్మకి సడలిపోతుంది, స్టేడియంలో కాచుకోడానికి నిప్పు ఉండదు. ఫైబరు మూత ఉన్నవి తెచ్చుకోండి. వాటిని స్టాండు మధ్యలో పెట్టండి. శబ్దం 30 మీటర్లు పోవడానికి సెకనులో పదో వంతుకు కొంచెం తక్కువ పడుతుంది, డప్పు ఒక చివర ఉంటే రెండో చివర చప్పట్లు జారతాయి. జెండాలకి వెదురు, ఇనుప కర్రలు గేటు దగ్గరే ఆగిపోతాయి. ముప్పావు అంగుళం ఎలక్ట్రికల్ పీవీసీ పైపు తేలిక. మంటల ఫ్లేర్లు, పొగడబ్బాలు వద్దే వద్దు, జరిమానా పడేది క్లబ్బుకి. 17 కిలోల పెయింటు గుడ్డ పక్కన మంట అంటే నేను వేరే చెప్పక్కర్లేదు.

ఊరేగింపు వద్దన్నది ఇందుకు. 2025 జూన్ 4న కంఠీరవకి కూతవేటు దూరంలోని చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర ఆర్‌సీబీ విజయోత్సవంలో తొక్కిసలాటకి 11 మంది చనిపోయారు. లోపల పట్టేది సుమారు 35 వేలు, వచ్చినవాళ్లు లక్షల్లో. గుంపులో ప్రమాదం పరుగు వల్ల కాదు, ఒత్తిడి వల్ల. చదరపు మీటరుకి నలుగురు దాటి ఐదుగురైతే మన కాళ్లు మన మాట వినవు. చేతులు ఛాతీ దాకా ఎత్తలేకపోతున్నారంటే అప్పటికే ఆలస్యమైనట్టు. చేతులు ఛాతీ ముందు మడిచి ఊపిరికి చోటు ఉంచుకుని, అల ఎటు పోతే అటు పోతూ, అది ఆగినప్పుడల్లా ఐమూలగా అంచువైపు జరగాలి. పడిన ఫోన్ కోసం వంగకండి. 40 మంది డప్పులతో కస్తూర్బా రోడ్డు మీదికి దిగితే పది నిమిషాల్లో నాలుగు వందలవుతారు, వాళ్లకి దారి చూపేవాళ్లెవరూ ఉండరు. పోలీసు అనుమతి లేని ఊరేగింపు కేసు వేరే. రాత్రి పది దాటాక మైకు ఎలాగూ కుదరదు.

దానికి బదులు గేటు ఖాళీ అయ్యేదాకా ఓ ముప్పావుగంట స్టాండులోనే పాడుకోండి. ఎక్కడ కలవాలన్నది గేటు దగ్గర కాకుండా చర్చ్ స్ట్రీట్ చివర అని ముందే ఖాయం చేసుకోండి, జనంలో వాట్సాప్ కదలదు, ఎస్ఎంఎస్ వెళ్తుంది. పిల్లల మణికట్టు మీద ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. తిరుగు ప్రయాణానికి కబ్బన్ పార్క్ మెట్రో స్టేషను దగ్గరే గానీ అందరూ అక్కడికే వెళ్తారు. ఎంజీ రోడ్డు దాకా నడిస్తే అదే పర్పుల్ లైన్ మీకు బెన్నిగానహళ్లి, కేఆర్ పురం చేరుస్తుంది. బ్యానర్, డప్పులు మాత్రం మెట్రోలో కాకుండా టాటా ఏస్‌లో పంపండి, బండితో ఇద్దరు వెళ్లాలి.

ఇంటికి చేరాక తడి ఉంటే ఆ రాత్రే టెర్రస్ మీద ఆరేయండి, మర్నాటికి వాయిదా వేస్తే నల్ల మచ్చలు పడతాయి. మళ్లీ పౌడరు చల్లి, పాలిథీన్‌లో కాకుండా పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టండి. ఎలుకలున్న సెల్లారు స్టోరులో పెడితే వచ్చే సీజనుకి వెల్క్రో మాత్రమే మిగులుతుంది.