ఆ సంతకం నేను పెట్టను తమ్మీ

తమ్మీ,

నీ మెయిల్ రాత్రే చదివాను. కథలో పరకాల సంత సీను గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం, ముందు ఆ చివరి పేరా సంగతి. ఏఐ కంపెనీలు మన రాతలన్నీ మింగేస్తున్నాయి కాబట్టి కాపీరైట్ చట్టంలో పర్మిషన్ లేకుండా వాడుకోనిచ్చే మినహాయింపులన్నీ ఎత్తెయ్యాలని అర్జీ రాసి, నన్నూ సంతకం పెట్టమన్నావు. నీ కోపం న్యాయమే కానీ ఆ సంతకం నేను పెట్టను.

డిగ్రీ రోజుల్లో నేను కొన్న పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా చదువంతా హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంలోనే. నచ్చిన కథ దొరికితే బల్ల మీద నోటుబుక్కు పెట్టుకుని, చెయ్యి గుంజేదాకా, మొత్తం ఎత్తి రాసుకునేవాణ్ణి, వాక్యం ఎట్లా ఆపాలో అట్లనే తెలిసింది. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు తగుమాత్రం వాడుకోవచ్చని చెప్పే 52వ సెక్షన్ లేకపోతే నేను చేసింది తప్పయ్యేది. నా దోస్తు ఒకాయనకు చూపు లేదు. ఆయన కోసం పుస్తకాన్ని ఆడియోగా మార్చడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేకుండా చేసింది 2012 సవరణ. చూపులేనివాళ్ల కోసం కుదిరిన మారకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది కూడా మనమే, 2014లో. వీటిని ఎత్తెయ్యమంటావా?

పైగా ఇట్లాంటివి చాలాసార్లు మారేది సుంకాలు, మందుల పేటెంట్లు బేరమాడే వాణిజ్య ఒప్పందాల్లో, అక్కడ మన లైబ్రరీ గురించి మాట్లాడేవాళ్లు ఉండరు. కెనడాలో రచయిత పోయాక 50 ఏళ్లే కాపీరైట్ ఉండేది. అమెరికా, మెక్సికోలతో కుదిరిన ఒప్పందంలో మాటిచ్చినందుకు 2022 చివర 70 చేశారు. మన దగ్గర 60. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు కాబట్టి 2014 నుంచి ఆయన రాతలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు, అదే 70 అయితే 2024 దాకా ఆగాల్సి వచ్చేది. కాళోజీ 2002లో పోయారు. ఆయన కవిత్వం 2062 దాటాక అందరిదీ అవుతుంది, మనమూ కెనడాలాగా ఒప్పుకుంటే 2072.

ఇక యంత్రాల సంగతి. జపాన్ 2018లోనే చట్టం మార్చి, రచయితల పర్మిషన్ లేకుండానే వాళ్ల రాతలతో ఏఐకి నేర్పడానికి చాలావరకు దారి తెరిచింది. యూరప్ 2019లో ఒప్పుకుంది గానీ, హక్కుదారు ముందే వద్దని చెప్తే వ్యాపార కంపెనీలు ముట్టుకోవద్దంది. మన చట్టంలో యంత్రానికి నేర్పడం గురించి విడిగా ఒక్క ముక్క లేదు, అందుకే వార్తా సంస్థ ఏఎన్ఐ 2024 నవంబరులో, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకెక్కితే అందరూ అటు చూశారు. నీ అర్జీ తిరగరాయి తమ్మీ: చదువుకునే మనిషికున్న వెసులుబాటు అట్లనే ఉండాలి, మన కథలతో వ్యాపారం చేసే కంపెనీ మాత్రం మనల్ని అడిగి, పైసలిచ్చి వాడుకోవాలి. అట్లా రాస్తే మొదటి సంతకం నాదే.

నాకు ఇంతకంటే టెన్షన్ పెట్టింది నువ్వు జతచేసిన పబ్లిషర్ అగ్రిమెంటు. మొదటి పుస్తకం వస్తుందన్న ఆరాటంలో నేను ఇట్లాంటి కాగితం మీదే, స్కూటర్ సీటు మీద పెట్టుకుని, చదవకుండా సంతకం చేశాను. "సర్వహక్కులు, శాశ్వతంగా" అని ఉందని పన్నెండేళ్లకు తెలిసింది, మా అమ్మ మీద రాసిన కథను నేనే ఇంకో సంపుటిలో వేసుకోలేకపోయినప్పుడు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. గడువు రాయకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. సంతకం నాటికి లేని మాధ్యమం, పేరు పెట్టి రాస్తే తప్ప, వాళ్లకు పోదు. అందుకే ఇప్పుడు పేర్లు పెట్టి రాస్తున్నారు: నీ దాంట్లో 4వ పేరా మూడో లైను చూడు, "డేటా, మెషీన్ లెర్నింగ్ అవసరాలకు" అని చిన్న అక్షరాల్లో ఉంది. అది కొట్టేయించు. "శాశ్వతంగా" తీసి "అయిదేళ్లు" అని రాయమను. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో మెయిల్‌లోనే అడుగు, ఫోన్‌లో వద్దు.

ఆదివారం పొద్దున ఇంటికి రా. అగ్రిమెంటు ప్రింటు తీసుకుని రా, సంతకం చెయ్యకుండా.