స్ట్రిప్ వెనక పేరు చదివారా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. బీకాం రెండో ఏడాది. హైదరాబాద్‌లో ఎంఎంఏ (బాక్సింగ్, కుస్తీ లాంటివన్నీ కలిపి ఆడే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) నేర్చుకుంటున్నాడు. చదువు మానేసి ప్రొఫెషనల్ ఫైటర్ అవుతానంటున్నాడు. పండక్కి వచ్చినప్పుడు వాడి బ్యాగులో నొప్పి మాత్రల స్ట్రిప్పులు నాలుగు కనిపించాయి. అడిగితే ‘అందరూ వేసుకునేవే నాన్నా’ అన్నాడు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, నిజామాబాద్

సమాధానం: కెరీర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ స్ట్రిప్ వెనక పేరు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివైతే భయం కడుపుకి, కిడ్నీలకి. బౌట్‌కు (పోటీకి) ముందు బరువు దించడానికి ఈ పిల్లలు నీళ్లు మానేసి చెమటలు కారుస్తారు. ఒంట్లో నీరు లేనప్పుడు ఈ మాత్రలు పడితే కిడ్నీలు దెబ్బతింటాయి.

ట్రమడాల్, టాపెంటడాల్ అని ఉంటే కథ వేరు. అవి నల్లమందులా పనిచేసేవి. మొదట ఒకటితో తగ్గిన నొప్పికి కొన్నాళ్లకు రెండు కావాలి, ఆ తర్వాత నొప్పి లేకపోయినా కావాలి. ట్రమడాల్‌ను మన దేశంలో 2018లోనే మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. 2024 నుంచి పోటీల సమయంలో వాడితే డోపింగే. అలాగని లాక్కుని పారేయకండి. అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా ఆపితే వాంతులు, చెమటలు, నిద్రలేని రాత్రులు తప్పవు. సైకియాట్రిస్టు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ రావాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, ఉచితం.

‘అందరూ’ అన్నాడే, ఆ మాట మరీ అబద్ధం కాదు. నన్ను భయపెడుతున్నదీ అదే. 1997లో అమెరికా ఎంఎంఏ పోటీలైన యూఎఫ్‌సీలో హెవీవెయిట్ టోర్నీలు వరసగా రెండు గెలిచిన మార్క్ కెర్ నొప్పి మందులకు బానిసై ఓవర్‌డోస్‌తో ఆస్పత్రి పాలయ్యాడు. 2009 జనవరిలో ఇంకో యూఎఫ్‌సీ ఫైటర్ కారో పారిసియాన్ గెలిచిన బౌట్, పరీక్షలో ఇలాంటి మందులే బయటపడి రద్దయింది. వీళ్లేమీ సరదాకి మొదలుపెట్టలేదు. ఫైటర్‌కు నెల జీతం ఉండదు, బరిలోకి దిగితేనే డబ్బు. భుజం లాగేస్తున్నా దిగాలి.

మీ ఊరివాడే, బాక్సర్ హుసాముద్దీన్. 2023 తాష్కెంట్ ప్రపంచ బాక్సింగ్‌లో మోకాలి గాయంతో సెమీస్ ఆడకుండా కాంస్యంతో తిరిగొచ్చాడు. ఆర్మీ ఉద్యోగి కాబట్టి ఆడకపోయినా ఇల్లు గడుస్తుంది. నిఖత్ జరీన్ కూడా 2017లో భుజం గాయంతో నెలల తరబడి ఆగింది. ఐదేళ్లకు ప్రపంచ చాంపియన్ అయింది.

అందుకే మీ అబ్బాయిని ఆట మానమనను. బాక్సింగ్, జూడో, రెజ్లింగ్‌లో ఏదో ఒకటి సీరియస్‌గా పట్టుకుంటే రైల్వే, సైన్యం, పోలీసు స్పోర్ట్స్ కోటా దారి ఉంటుంది. ఎంఎంఏకి ఇంకా ఆ నీడ లేదు. డిగ్రీ ఎలాగూ ఇంకో ఏడాదే, పూర్తి చేయనీయండి. బ్యాగు చూశారని అలుగుతాడు, అలగనీయండి.

ఈసారి జిమ్‌కు మీరూ వెళ్లండి. ఫీజుల సంగతి కాదు, ఫిజియో ఎవరని అడగండి. మాత్రలు కోచే ఇస్తున్నాడని తెలిస్తే ఆ రోజే జిమ్ మార్పించండి.