జీతం లేదు కాబట్టి టూరిస్ట్ వీసా సరిపోతుందా?

ప్రశ్న: బీఆర్క్ చదివాను. రెండున్నరేళ్లు ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో పనిచేశాను. అమెరికాలోని హ్యూస్టన్‌లో నాన్నగారి స్నేహితుడికి ఆర్కిటెక్చర్ సంస్థ ఉంది. ఆరు నెలలు తమ దగ్గర పని నేర్చుకోమన్నారు. జీతం ఇవ్వరు, ఉండటం వాళ్లింట్లోనే. ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా చేశాను. జీతం లేదు కాబట్టి బీ1/బీ2 (వ్యాపార సందర్శన/పర్యటన) వీసా చాలని ఏజెంటు దరఖాస్తు పెట్టించాడు. మూడు వారాల్లో ఇంటర్వ్యూ. తెలిసినవాళ్లను చూసి, ఊళ్లు తిరిగి రావడానికి వెళ్తున్నానని చెప్పమంటున్నాడు. నాన్న రిటైర్మెంటు డబ్బులోంచి అతనికి 80 వేలు ఇచ్చాం. అమ్మ ఆరోగ్యం బాగాలేదు, నా మీదే అందరి ఆశ. ఈ వీసాతో వెళ్లొచ్చా? వద్దంటే ఆ డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: ఇంటి పరిస్థితి గురించి మీరు రెండు పేజీలు రాశారు. వాటికన్నా ముందు, మీరు జతచేసిన ఆహ్వాన లేఖ చదివాను. మీ కేసంతా దాని మూడో పేరాలోనే ఉంది. ‘సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు, మేం కడుతున్న ఇళ్లకు డ్రాయింగులు తయారుచేయడంలో మా బృందానికి సాయపడాలి’ అని రాశారు. ఆ ఒక్క వాక్యంతో బీ1 దారి మూసుకుపోయింది.

జీతం తీసుకోకపోతే అది పని కాదని మీరూ మీ ఏజెంటూ అనుకుంటున్నారు. వీసా అధికారి చూసేది మీ చేతికి డబ్బు వస్తుందా అని మాత్రమే కాదు, అక్కడ మీ చేతులు ఏం చేస్తాయని కూడా. అమెరికా విదేశాంగ శాఖ తన కాన్సులర్ అధికారులకు ఇచ్చిన మాన్యువల్‌లో ఈ గీత స్పష్టంగా ఉంది. సొంత ఖర్చుతో వెళ్లి, ఒక వృత్తి ఎలా నడుస్తుందో కేవలం చూసి వచ్చేవారికి బీ1 ఇవ్వొచ్చు. పనిచేస్తూ అనుభవం సంపాదించాలనుకునేవారు హెచ్ (తాత్కాలిక ఉద్యోగం, శిక్షణ), ఎల్ (అదే సంస్థ శాఖకు బదిలీ), లేదా తగిన ఎక్స్ఛేంజ్ కార్యక్రమం ఉంటే జే వీసాకు వెళ్లాలి. పక్కన నిలబడి చూడటం వేరు, మౌస్ పట్టుకుని క్లయింటుకు వెళ్లే డ్రాయింగు గీయడం వేరు. మీరు గీయకపోతే ఆ పని అక్కడి ఉద్యోగి జీతం తీసుకుని చేయాలి కదా!

ఇంకో వెసులుబాటు ఉండేది. మీ పాత ఆఫీసే మిమ్మల్ని శిక్షణకు పంపి, ఇక్కడ జీతం ఇస్తూనే ఉంటే, హెచ్-3 (శిక్షణ వీసా) అర్హతలు కూడా ఉంటే, దానికి బదులుగా బీ1 అడగొచ్చు. ఎవరినీ అడగకుండా రాజీనామా ఇచ్చి ఆ దారి మీరే మూసుకున్నారు. టికెట్టు, వీసా, ఆఖరికి సరైన ఉత్తరం కూడా చేతిలో లేకుండా ఉద్యోగం వదులుకోవడం తొందరపాటే.

అసలు ప్రమాదం ఏజెంటు నింపిన వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ఉంది. ఆ కాపీ కూడా చూశాను. ప్రయాణ కారణం పర్యటన అని పెట్టాడు. మీరింకా పాత ఆఫీసులోనే పనిచేస్తున్నారని రాశాడు. ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్నకు ‘లేదు’ అని నొక్కాడు. మూడూ అబద్ధాలే. ఎవరు నింపినా సంతకం మాత్రం దరఖాస్తుదారే చేయాలన్నది నిబంధన, మీరు చేశారు కూడా. ‘నేను చదవలేదు’ అన్న మాట కాన్సులేట్ కిటికీ దగ్గర చెల్లదు. చదవకుండా సంతకం పెట్టడం ఇంట్లో కరెంటు బిల్లు విషయంలోనే తప్పు, ఇక్కడ సరేసరి.

కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఆ ఇంటర్వ్యూకు వెళ్లి ‘ఊళ్లు చూడటానికి’ అని చెప్పొద్దు. వీసా కోసం ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెబితే, వలస చట్టం సెక్షన్ 212(ఎ)(6)(సి)(ఐ) కింద శాశ్వత అనర్హత పడుతుంది. అది ఐదేళ్లకో పదేళ్లకో తీరిపోయేది కాదు. తర్వాత మినహాయింపు అడగొచ్చు, కానీ ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. కిటికీ దగ్గర గట్టెక్కినా విమానాశ్రయం ఉంది. అక్కడి అధికారికి మీ ఫోను, ల్యాప్‌టాప్ తెరిపించే అధికారం ఉంది. హ్యూస్టన్ వాళ్లతో నడిపిన ఈమెయిళ్లు, ఆ మూడో పేరా, పని గంటలు అన్నీ అందులోనే ఉంటాయి. అక్కడికక్కడే ‘ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్’ ఉత్తర్వు ఇచ్చి తిప్పి పంపితే, అదొక్కటే ఐదేళ్ల నిషేధం. అబద్ధం అనర్హత దాని మీద అదనం.

ఇక్కడ గడువు ముఖ్యం. తప్పు సమాచారాన్ని అధికారి పట్టుకోకముందే, దొరికిన మొదటి అవకాశంలో మీ అంతట మీరు సరిదిద్దుకుంటే, దాన్ని సకాలంలో వెనక్కి తీసుకున్నట్టు పరిగణిస్తారు. నిలదీశాక ఒప్పుకుంటే అది లెక్కలోకి రాదు. మీకు మూడు వారాలున్నాయి. ఈ వారమే ఆ అపాయింట్‌మెంటు రద్దు చేసుకోండి. తర్వాత కొత్త దరఖాస్తు మీరే నింపండి. ఏజెంటు సాయం తీసుకుంటే తీసుకున్నట్టే రాయండి. పాత ఫారం గురించి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి.

మీకు సరిపోయేది జే-1 ట్రైనీ వీసా. డిగ్రీ, ఆ తర్వాత అమెరికా బయట కనీసం ఒక ఏడాది అదే రంగంలో అనుభవం కావాలి. మీకు రెండున్నరేళ్లు ఉంది. ఆర్కిటెక్చర్ ఆమోదిత రంగాల్లో ఉంది. గరిష్ఠంగా 18 నెలలు ఉండొచ్చు. హ్యూస్టన్ సంస్థ మిమ్మల్ని నేరుగా పిలిపించుకోవడం కుదరదు. విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ డీఎస్-2019 అనే అర్హత పత్రం ఇవ్వాలి. డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక మీద మీరు, హ్యూస్టన్ సంస్థ, స్పాన్సర్ ముగ్గురూ సంతకం చేయాలి. ఏ దశలో ఏం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు అన్నది అందులో ఉండాలి. గుమాస్తా పని 20 శాతం మించకూడదు. జీతం లేదు కాబట్టి ఖర్చులకు డబ్బు ఎక్కడిదో చూపాలి. ఆరోగ్య బీమా తప్పనిసరి, ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్లు. హెచ్-3 జోలికి వెళ్లొద్దు. ఆ శిక్షణ మీ దేశంలో దొరకదని నిరూపించాలి, ఇళ్ల డ్రాయింగుల విషయంలో అది నిలబడదు.

ఏజెంటు డబ్బు సంగతి. 50 వేలు యూపీఐలో పంపారు, 30 వేలు నగదు, రసీదు లేదు. 50 వేలకు రుజువు ఉంది. మిగతా దానికి ‘మొత్తం 80 అందింది’ అని అతను పంపిన వాయిస్ మెసేజీ ఒక్కటే ఆధారం. ఆ ఫోను మార్చొద్దు, చాట్ చెరపొద్దు. దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ ఆధారాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. ముందు స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు ఇవ్వండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే గడువు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. అయితే ఆ ఇంటర్వ్యూకు వెళ్లి అతను నేర్పిన అబద్ధం మీరూ చెప్పాక ‘తప్పుడు సలహా ఇచ్చాడు’ అని ఫిర్యాదు చేస్తే, మీరూ అందులో భాగస్తులే అంటాడు. జవాబు ఉండదు.

అపాయింట్‌మెంటు రద్దయ్యాక హ్యూస్టన్‌కు ఫోన్ చేసి రెండు విషయాలు కనుక్కోండి: సంస్థలో ఎందరు పనిచేస్తున్నారు, ఏడాదికి రాబడి ఎంత. ఉద్యోగులు 25 మందికన్నా తక్కువైనా, రాబడి 30 లక్షల డాలర్ల లోపున్నా, ఇంతకుముందు ఈ కార్యక్రమంలో లేని సంస్థ అయితే స్పాన్సర్ స్వయంగా వెళ్లి ఆఫీసు చూడాలి. దానికి పట్టే సమయం కలుపుకుని ప్రయాణం తేదీ పెట్టుకోండి. టికెట్టు మాత్రం వీసా వచ్చాకే కొనండి.