ఆకుపచ్చ బుగ్గలు, బురద రంగు

ప్రశ్న: చిత్రకారుడు యావ్లెన్‌స్కీ 1909లో వేసిన నర్తకుడు సఖరోఫ్ బొమ్మను చూసి వేస్తూ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్నాను. ఎర్ర దుస్తుల పైన ముఖంలోని ఆ ఆకుపచ్చ నీడలు నా చేతిలో బురదగా మారుతున్నాయి. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మొదటి బొమ్మకే గట్టి పిండాన్ని పట్టుకున్నారమ్మా! ఎరుపూ ఆకుపచ్చా పచ్చిగా కలిశాయంటే రెండూ చస్తాయి. ఆకుపచ్చకు కుంచె వేరే పెట్టుకోండి. ఒక్కో గీతకూ కుంచెను పాతగుడ్డతో తుడవండి. వేసినచోటే మళ్లీ రుద్దకండి, అసలు జబ్బు అదే. మొదటి పొర టర్పెంటైన్‌తో పల్చగా ఉండాలి, నూనె ఎక్కువున్న రంగు పైన పడాలి. తిరగేస్తే ఆనక పగుళ్లిస్తుంది. కళ్ల చుట్టూ ఆ ముదురు గీతలు కింది రంగు ఆరాకే.

అసలు బొమ్మ అట్ట మీద వేసింది. మీరూ అట్టే వాడితే ముందు జెస్సో (రంగుకు కింద వేసే తెల్లటి పూత) రెండు పూతలు వెయ్యండి, లేదంటే నూనెంతా అదే తాగేస్తుంది.

యావ్లెన్‌స్కీ మళ్లీ దిద్దుతాడేమోనని సఖరోఫ్ తడారకముందే బొమ్మ పట్టుకుపోయాడట. మీ ఇంట్లోనూ అలాంటి మనిషుంటే మేలు! ఇప్పుడది మ్యూనిక్‌లో, లెన్‌బాక్‌హౌస్ మ్యూజియంలో ఉంది. ఫోన్‌లో కనిపించే ఎరుపును మాత్రం నమ్మకండి, మంచి అచ్చు ప్రతి ఎదురుగా పెట్టుకోండి.