చావు దగ్గర మొదలుపెట్టకు

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇంగ్లండ్ రాక్ బృందం జాయ్ డివిజన్ మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' అంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఆ ఇష్టం చూసే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందుగా, మొదటి పేరా తీసెయ్. 1980 మే 18న బృందం గాయకుడు ఇయాన్ కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు, అప్పటికి అతనికి 23 ఏళ్లు అంటూ మొదలుపెట్టావు. ఇక అక్కణ్నుంచి పది పాటల్నీ ఆ రోజుకి దారి చూపించే గుర్తుల్లాగే చదువుకుంటూ పోయావు. ఆల్బమ్ వచ్చింది 1979 జూన్ 15న. ఆ వారం కొనుక్కున్నవాడికి ముందు ఏం జరగబోతోందో తెలీదు. అయినా ఆ దిగులు అతనికి వినిపించింది. ఎలా వినిపించింది? నీ వ్యాసం పట్టుకోవాల్సింది ఆ ప్రశ్ననే.

అతను చనిపోయాకే కదా జనం విన్నారు అంటావేమో. అందులో కొంత నిజం ఉంది. వచ్చిన కొత్తలో ఈ రికార్డు బ్రిటన్ ఆల్బమ్ చార్టులోకే ఎక్కలేదు. 1980 ఆగస్టులో, రెండో ఆల్బమ్ 'క్లోజర్' వచ్చాక, 71వ స్థానానికి చేరింది. కానీ వార్త చదివి కొన్నవాడు ఒకసారి విని పక్కన పెట్టేస్తాడు. నలభై ఏళ్లు దాటాక కూడా ఒక కుర్రాడు రాత్రంతా మేలుకుని దీని గురించి పద్నాలుగు పేజీలు రాశాడంటే దానికి ఆ వార్త చాలదు.

నేను దీన్ని మొదటిసారి విన్నది ఒక స్నేహితుడు కాపీ చేసి ఇచ్చిన కేసెట్లో. కవర్ లేదు, పాటల పేర్లు లేవు. గాయకుడు బతికి లేడన్న సంగతి కూడా తెలీదు. డ్రమ్స్ ఖాళీ గోడౌన్‌లో మోగుతున్నట్టు, మిగతావాళ్లు ఒకరికొకరు కాస్త దూరంగా నిలబడి వాయిస్తున్నట్టు అనిపించింది. ఆ దూరమే నన్ను పట్టుకుంది. అదెలా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అది ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో ఉన్న స్ట్రాబెరీ స్టూడియోలో, 1979 ఏప్రిల్లో, మూడు వారాంతాల్లో జరిగిన పని. ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్. డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేత ఒక్కో డ్రమ్‌నీ విడివిడిగా వాయించి రికార్డు చేయించాడు, ఒకదాని శబ్దం ఇంకోదాంట్లోకి రాకూడదని. 'ఇన్‌సైట్' పాటలో కర్టిస్ గొంతు దూరం నుంచి రావాలని టెలిఫోన్ లైన్ మీదుగా రికార్డు చేశాడు. స్టూడియో లిఫ్టు చప్పుడు కూడా రికార్డులోకి వచ్చింది. పీటర్ హుక్ బేస్ గిటార్ అంత పై స్వరాల్లో నడవడానికి కారణం ఇంకా మామూలుది. అతని ఆంప్, అంటే శబ్దం పెంచే పెట్టె, నాసిరకం. కింది స్వరాలు వాయిస్తే గిటార్ మోతలో తనది తనకే వినబడేది కాదు. అలా పైకి వెళ్లాడు. అక్కడే పాటల రాగమంతా దొరికింది.

ఇంకో సంగతి. హుక్‌కీ గిటారిస్టు బెర్నార్డ్ సమ్నర్‌కీ అప్పట్లో ఈ రికార్డు నచ్చలేదు. స్టేజి మీద తాము వాయించే వేగం, కసి అంతా హానెట్ తీసేశాడని వాళ్ల బాధ. నీ వ్యాసంలో ఈ సంగతి ఎక్కడా లేదు. నా మటుకు ఇది ఆల్బమ్‌లోకి వెళ్లే తలుపు. కోపంగా ఉన్న నలుగురు కుర్రాళ్ల చుట్టూ ఒకాయన ఖాళీ జాగా పెంచుకుంటూ పోయాడు. కోపం అలాగే ఉంది, కానీ దగ్గరికి రాదు. చాలా ఏళ్ల తర్వాత హుక్ కూడా హానెట్ చేసింది గొప్ప పనేనని ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఇదే ఆల్బమ్‌లోని 'షీజ్ లాస్ట్ కంట్రోల్' పాట గురించి. ఇది కర్టిస్ తన మూర్ఛ గురించి రాసుకున్న పాట అని రాశావు. తప్పు, మార్చు. అతను మాకిల్స్‌ఫీల్డ్‌లో వికలాంగులకు, జబ్బు మనుషులకు ఉద్యోగాలు వెతికిపెట్టే ప్రభుత్వాఫీసులో పనిచేసేవాడు. మూర్ఛ ఉన్న ఒక అమ్మాయి పని కోసం అక్కడికి వచ్చేది. కొన్నాళ్లకి రావడం మానేసింది. ఉద్యోగం దొరికి ఉంటుందిలే అనుకున్నాడు. చనిపోయిందని తర్వాత తెలిసింది. పాట అక్కణ్నుంచి పుట్టింది. అప్పటికింకా అతని జబ్బుకి పేరు పెట్టలేదు. డాక్టర్లు అతనికీ మూర్ఛే అని తేల్చింది 1979 జనవరిలో.

ఒక్కసారి ఆలోచించు. టేబుల్‌కి ఇవతల కూర్చున్న ఇరవై దాటిన కుర్ర గుమాస్తా, అవతల కూర్చున్న మనిషిని చూశాడు. చూసిందాన్ని మర్చిపోలేకపోయాడు. నువ్వు దాన్ని ఆత్మకథ చేసేసరికి ఆ అమ్మాయి పాటలోంచి మాయమైపోయింది. ఆమెను వెనక్కి తీసుకురా. నీ వ్యాసానికి బలం ఆమె దగ్గరే ఉంది.

కవర్ గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, కాస్త తగ్గించు చాలు. ఆ తెల్లగీతలు 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన పల్సర్‌వని (క్రమం తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రం), హెరాల్డ్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడి 1970 నాటి సిద్ధాంత వ్యాసంలోంచి ఒక ఖగోళ విజ్ఞాన సర్వస్వానికి, అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చాయని చెప్తే సరిపోతుంది. తెల్లకాగితం మీది నల్లగీతల్ని కవర్ డిజైనర్ పీటర్ సావిల్ తిరగేసి నలుపు మీద తెలుపు చేశాడు. ముందువైపు బృందం పేరు కూడా లేదు. ఇవాళ టీషర్టు వేసుకునేవాళ్లలో పాటలు వినని వాళ్లున్నారని నువ్వు కోప్పడిన రెండు వాక్యాలూ తీసెయ్. వాళ్లమీద కోపం ఎందుకు, ఏదో ఒక రోజు వింటారు.

బృందం పేరు సంగతి మాత్రం దాటెయ్యకు. నాజీ శిబిరాల్లో స్త్రీలను లైంగిక బానిసలుగా ఉంచిన విభాగానికి ఒక నవల వాడిన మాట అది. ఆ పేరు పెట్టుకోవడం అప్పుడూ విమర్శకు గురైంది, ఇప్పుడూ అవుతుంది. ఇష్టమైనవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటి చోట్ల కళ్లు తిప్పుకుంటే మిగతా మాటల్ని కూడా చదివేవాడు నమ్మడు.

ఇక నీ భాష. 'చీకటి' అన్న మాట పదకొండుసార్లు వాడావు, 'శూన్యం' ఏడుసార్లు. పెన్సిల్‌తో గుర్తుపెట్టి పంపుతున్నాను. హానెట్ దిగులుని తయారుచేసింది లిఫ్టు చప్పుడుతో, ఫోన్ లైనుతో, ఒక్కొక్కటిగా వాయించిన డ్రమ్ములతో. నీకూ అలాంటి వస్తువులు కావాలి. 'శూన్యం' అని రాసిన ప్రతిచోటా ఆగి, ఆ క్షణంలో నిజంగా ఏ వాయిద్యం వినిపిస్తోందో, ఏది ఆగిపోయిందో రాయి. వాక్యాలు పొట్టిగా అయిపోతాయేమోనని టెన్షన్ పడకు. అవనీ.

రాత్రుళ్లు గదిలో లైటు తీసేసి ఇదొక్కటే వింటున్నానని ఉత్తరం చివర రాశావు. అది నాకు నచ్చలేదు, దాచుకోకుండా చెప్తున్నాను. ఈ ఆల్బమ్‌ని అర్థం చేసుకోవడానికి నువ్వు కుంగిపోనక్కర్లేదు. పొద్దున బస్సులో విను, అన్నం తిన్నాక విను. నిద్రపోవడం మానకు. ఎప్పుడైనా మనసు మరీ బరువెక్కితే వ్యాసం సంగతి వదిలేసి నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే.

మళ్లీ మొత్తం రాయడానికి కూర్చోకు. ఆఖరి పాట 'ఐ రిమెంబర్ నథింగ్' ఉంది కదా, అందులో గాజు పగులుతుంది. దానికి ముందు ఒక నిమిషం, తర్వాత ఒక నిమిషం, పగటిపూట నాలుగైదుసార్లు విను. ఆ రెండు నిమిషాల గురించి ఒక్క పేజీ రాసి పంపు. కర్టిస్ పేరు అందులో రాకూడదు.

— అన్నయ్య