8 అంగుళాల హూప్ ఉన్న ఇంటి ఎంబ్రాయిడరీ మెషిన్ మీద 60×80 అంగుళాల క్విల్ట్ కుట్టొచ్చా?

మీరు అడిగింది ఇదీ: మెషిన్‌తో వచ్చిన హూప్ (గుడ్డను బిగించి పట్టే చట్రం) 200×200 మిల్లీమీటర్లు, అతుకులన్నీ కలిపిన పైపొర 60×80 అంగుళాలు సిద్ధంగా ఉంది, మూడు పొరలనూ (పైపొర, దూది, అస్తరు) ఎంబ్రాయిడరీ డిజైన్లతోనే కలిపి కుట్టేయొచ్చా, కుడితే ఎక్కడ చెడుతుంది అని.

కుట్టొచ్చు. మెషిన్‌కి అది పెద్ద పనేం కాదు. పనంతా మీ చేతుల మీద, మీ బల్ల మీద పడుతుంది. మొదలుపెట్టేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. అడ్డంగా ఏడున్నర అంగుళాలకొకటి చొప్పున 8, నిలువుగా 8 అంగుళాలకొకటి చొప్పున 10, మొత్తం 80 సార్లు హూప్ బిగించాలి. ఆరున్నర అంగుళాల ఒంటి గీత డిజైన్‌లో సుమారు వెయ్యి కుట్లు ఉంటాయనుకుందాం. నిమిషానికి 500 కుట్ల వేగంతో అది రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ హూప్ విప్పడం, జరపడం, గుర్తుకు సరిపెట్టడం, అడుగున ముడతలు తడిమి చూడడం, బరువు సర్దడం, వీటికి పన్నెండు పదమూడు నిమిషాలు పడుతుంది. అంటే మొత్తం 20 గంటల పనిలో సూది కదిలేది మూడు గంటల లోపే. కాబట్టి డబ్బు గానీ ఓపిక గానీ పెట్టదలచుకుంటే హూప్ బిగించే పనిని తేలిక చేసే వాటి మీద పెట్టండి. కొత్త డిజైన్లు కొనడం తర్వాత.

డిజైన్ విషయంలో నా మాట ఒకటే. మొదటి పెద్ద క్విల్ట్‌కి ఒకదానితో ఒకటి అతుక్కునే డిజైన్ పెట్టుకోకండి. అంచు నుంచి అంచుకు తీగలా సాగే డిజైన్లు ఫొటోలో బాగుంటాయి, కానీ ఒక్కో హూప్‌కి ఒక్క మిల్లీమీటరు ఒకే పక్కకు జరిగినా ఎనిమిదో డిజైన్ దగ్గరికొచ్చేసరికి 8 మిల్లీమీటర్ల తేడా కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అదే విడివిడి పువ్వో, చక్రమో, ఆకుల గుత్తో అయితే మధ్యలో అంగుళం ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో రెండు మూడు మిల్లీమీటర్ల తప్పు ఎవరికీ కనబడదు. డిజైన్ మాత్రం తప్పనిసరిగా ఒంటి గీత కుట్టుదై ఉండాలి, కుట్టు పొడవు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. నింపుడు కుట్లు, శాటిన్ కుట్లు (పక్కపక్కనే ఒత్తుగా పడేవి) ఉన్న మామూలు ఎంబ్రాయిడరీ డిజైన్ వేస్తే ఆ చోట క్విల్ట్ అట్టముక్కలా బిగుసుకుపోతుంది, చుట్టూ గుడ్డ ముడుచుకుంటుంది. ఇంకొకటి: మెషిన్ మీదే డిజైన్‌ని పెద్దది చేస్తే చాలా మెషిన్లు కుట్ల సంఖ్య మార్చవు, కుట్టునే సాగదీస్తాయి. 2.5 ఉన్నది 20 శాతం పెంచితే 3 అవుతుంది. అంతవరకు పరవాలేదు, ఆపైన పెంచకండి.

ఇక పొరలు. అస్తరు, లోపలి దూది పొర రెండూ పైపొర కంటే నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే 68×88. అంచు డిజైన్ మధ్యబిందువు పైపొర అంచుకు మూడు ముప్పావు అంగుళాల దూరంలోనే ఉంటుంది, హూప్ చట్రం పైపొర దాటి బయటికి వెళ్లిపోతుంది, అక్కడ పట్టుకోవడానికి గుడ్డ కావాలి. దూది పొర పలచగా, చదునుగా ఉన్నది తీసుకోండి. నూలు, లేదా నూలు 80 పాళ్లు పాలిస్టర్ 20 పాళ్లు కలిసినది నయం. ఉబ్బెత్తు పాలిస్టర్ పొర హూప్‌లో ఒదగదు, మెషిన్ పాదం దాన్ని తోసుకుంటూ పోతుంది.

మూడు పొరలనూ కలపడానికి బట్టల కోసమే తయారైన స్ప్రే జిగురు వాడడం అన్నిటికన్నా మేలు. పిన్నీసులు వాడితే హూప్ లోపల ఒక్కటి కూడా మిగలకూడదు. సూది పిన్నీసు మీద పడితే విరిగేది సూది ఒక్కటే కాదు, అడుగున తిరిగే హుక్ మీద గీత పడి ఆ తర్వాత ఎప్పుడు కుట్టినా దారం తెగుతూనే ఉంటుంది. చేత్తో వేసే కచ్చా కుట్లు కూడా పనికొస్తాయి, కాకపోతే వాటి మీద డిజైన్ పడితే తర్వాత ఊడదీయడం విసుగు.

చాలామంది వదిలేసే పని ఒకటుంది. అంచు డిజైన్లు కుట్టేటప్పుడు హూప్ చట్రం అస్తరునూ దూదినీ పట్టుకుంటుంది కానీ, పైపొర అంచు చట్రం లోపలే విడిగా ఉండిపోతుంది. పాదం వచ్చి ఆ అంచును లేపి మడిచేస్తుంది. అందుకని హూప్ ముట్టుకోకముందే వాకింగ్ ఫుట్ (పొరలన్నిటినీ కలిపి ఒకేలా జరిపే పాదం) పెట్టి పైపొర అంచు చుట్టూ పావు అంగుళం లోపు నుంచి ఒక పొడుగు కుట్టు వేసేయండి. తర్వాత అంచు పట్టీ దాన్ని కప్పేస్తుంది. వీలైతే బ్లాకుల (పైపొరలో అతికిన ముక్కల) మధ్య అతుకు గీతల్లో కూడా నిలువుగా మూడు, అడ్డంగా మూడు వరసలు కుట్టుకుంటే పొరలు ఇక జరగవు.

గుర్తులు పెట్టడం. కొలతలెప్పుడూ పక్క డిజైన్ నుంచి కాదు, క్విల్ట్ మధ్యగీత నుంచి తీసుకోవాలి. పక్కదాని నుంచి కొలిస్తే దాని తప్పు దీనికి వస్తుంది. నీళ్లతో పోయే పెన్నుతో గాని దర్జీ చాక్‌తో గాని 80 కూడలి (ప్లస్ ఆకారపు) గుర్తులూ ముందే వేసేయండి. గుర్తు కనీసం రెండంగుళాల పొడవుండాలి. చిన్న చుక్క పెడితే చోటు తెలుస్తుంది కానీ వంకర తెలియదు. డిజైన్‌ని అసలు సైజులో కాగితం మీద ముద్రించి, దాని మధ్య కూడలిని గుడ్డ మీది కూడలికి కలిపి చూస్తే ఎక్కడ పడుతుందో ముందే కనబడుతుంది. ముద్రించేటప్పుడు ప్రింటర్ పేజీకి సరిపోయేలా కుదించేయొచ్చు, స్కేలు పెట్టి కొలిచి చూడండి. వేడికి మాయమయ్యే పెన్నులు ఇక్కడ వద్దు, చలికి ఆ గీతలు మళ్లీ తేలతాయి.

హూప్ బిగించడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే 80 సార్లు చేయాలి. మరబిగింపు హూప్‌తో కూడా అవుతుంది. మరను బాగా వదులు చేసి, లోపలి చట్రాన్ని బల్ల మీద పెట్టి నొక్కాలి. కానీ మందం వల్ల ఒక మూల దిగితే ఇంకో మూల లేస్తుంది, పదో హూప్‌కే మణికట్లు నొప్పెడతాయి, గుడ్డ మీద చట్రం గుర్తులు పడతాయి. మీ మెషిన్ మోడల్‌కి సరిపడే అయస్కాంతపు హూప్ దొరికితే కొనండి. అడుగు చట్రాన్ని క్విల్ట్ కిందికి జరిపి, పైనుంచి వేళ్లతో దాని నాలుగు మూలలూ తడిమి, కూడలి గుర్తు మధ్యకు వచ్చేలా సర్దండి. చెయ్యి కిందికి పోనిచ్చి అస్తరును మధ్య నుంచి బయటికి ఒకసారి నిమరండి. అరచేతికి చిన్న గట్టులా ఏదైనా తగిలితే అది ముడతే, ఇప్పుడే తీసేయాలి. ఆ తర్వాత పై చట్రాన్ని మొదట వెనక వైపు ఆనించి, మెల్లగా ముందుకు వాల్చండి. వేళ్లు మధ్యలో ఉంచితే నలుగుతాయి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ అయస్కాంతాలకు దూరంగా ఉండాలి.

గుడ్డ ఎంత బిగువుగా ఉండాలి? మామూలు ఎంబ్రాయిడరీకి డప్పులా బిగించమంటారు. ఇక్కడ అలా చేయకూడదు. సాగదీసి కుడితే హూప్ తీయగానే గుడ్డ వెనక్కి లాక్కుని డిజైన్ చుట్టూ ముడతలు తేలతాయి. చదునుగా పరుచుకుని, వేలితో నొక్కితే కొద్దిగా దిగేంత ఉంటే చాలు.

అసలు శత్రువు బరువు. హూప్‌ని అటూ ఇటూ నడిపే మోటార్లు చిన్నవి. క్విల్ట్ బల్ల అంచు నుంచి కిందికి వేలాడితే ఆ బరువు హూప్‌ని లాగుతుంది, మోటారు ఒక అడుగు తప్పుతుంది, మెషిన్‌కి ఆ సంగతి తెలియదు. వృత్తంలా మొదలైనది మొదలైన చోటికి తిరిగి రాదు. డిజైన్ ఫైలు బాగోలేదని తిట్టుకునేవాళ్లలో చాలామందికి ఉన్నది ఈ జబ్బే. మెషిన్‌కి ఎడమ పక్క, వెనక పక్క అదే ఎత్తులో బల్లలు వేయండి, క్విల్ట్‌లో ఏ భాగమూ వేలాడకూడదు. హూప్ చుట్టూ గుడ్డను కుప్పగా వదులుగా పోసి ఉంచితే అది కదిలినప్పుడు లాగుడు ఉండదు. కుడుతుండగా చేత్తో పట్టుకుని సాయం చేయాలనిపిస్తుంది, పట్టుకోకండి. గుడ్డ కొద్దిగా లేపి వదులు ఇవ్వండి, అంతే.

కుట్టే క్రమం కూడా బరువును బట్టే. 60 అంగుళాల వెడల్పు అడ్డంగా ఉండేలా పెట్టి, మధ్యగీతకు కుడివైపున్న మొదటి నిలువు వరస నుంచి మొదలుపెట్టి కుడి అంచు వైపు పోవాలి. అప్పుడు సూదికి కుడివైపు మెషిన్ మెడ కిందికి వెళ్లే గుడ్డ ఎప్పుడూ 30 అంగుళాలు దాటదు, వరస వరసకీ తగ్గుతుంది. ఆ సగం అయ్యాక క్విల్ట్‌ని తలకిందులుగా తిప్పేసి రెండో సగం కూడా అలాగే. డిజైన్‌ని కూడా మెషిన్ మీద 180 డిగ్రీలు తిప్పడం మరచిపోకండి. మరచిపోతే సగం పువ్వులు తలకిందులుగా ఉంటాయి, అది సాధారణంగా నాలుగైదు హూప్‌లు అయ్యాకే కంటబడుతుంది. మెడ కిందున్న గుడ్డను గట్టిగా చుట్ట చుట్టి క్లిప్పులు పెట్టడం కంటే మడతలు మడతలుగా నిలబెట్టడం మంచిది. చుట్ట గట్టిగా ఉండి హూప్ కుడివైపు వచ్చినప్పుడు మెషిన్ ఒంటికి ఆనుకుంటుంది. ప్రతిసారీ కుట్టేముందు ట్రేస్ బటన్ నొక్కి హూప్‌ని నాలుగు మూలలకూ తిప్పి చూడండి. ఎక్కడైనా ఆనినా, క్విల్ట్ కొస హూప్ కిందికి మడతపడి ఉన్నా అప్పుడే తెలుస్తుంది. అడుగున మడతపడిన కొసను కలిపి కుట్టేస్తే వెయ్యి కుట్లు విప్పాలి.

సూది 90/14, టాప్‌స్టిచ్ లేదా క్విల్టింగ్ రకం. ఇంత పనికి కనీసం రెండు సూదులు దగ్గర పెట్టుకోండి, టక్ టక్ అని పొడిచే శబ్దం వస్తే మార్చేయాలి. వేగం 400 నుంచి 600 మధ్య. పాదం ఎత్తు మార్చుకునే వీలుంటే గుడ్డను తాకీ తాకనట్టు ఉండేలా కాస్త పెంచండి.

దారం దగ్గర ఎంబ్రాయిడరీ అలవాటు మానుకోవాలి. ఎంబ్రాయిడరీలో బాబిన్‌కి (అడుగు దారం చుట్టే చిన్న చక్రానికి) సన్నటి తెల్ల దారం పెట్టి, పైదారం అడుగుకు దిగేలా టెన్షన్ (దారం బిగువు) ఉంచుతారు, అడుగు ఎవరూ చూడరు గనుక. క్విల్ట్‌కి అడుగు కూడా ముఖమే. పైనా కిందా ఒకే దారం, ఒకే రంగు పెట్టండి, 40 నంబరు పాలిస్టర్ గాని 50 నంబరు నూలు గాని. ఎంబ్రాయిడరీ కోసం విడిగా బాబిన్ కేసు ఉన్న మెషిన్ అయితే మామూలు కుట్టు కేసు వేయండి. ఇదే గుడ్డ, ఇదే దూదితో 12 అంగుళాల చదరం నమూనా చేసి కుట్టి చూడండి. అడుగున పైదారం చుక్కల్లా, ఉచ్చుల్లా కనిపిస్తే పై టెన్షన్ కొంచెం కొంచెంగా పెంచాలి. పైన బాబిన్ దారం చుక్కలు తేలితే తగ్గించాలి. కుట్లు ఇంటూ కుట్టు పొడవు లెక్కన ఒక్కో డిజైన్‌కి రెండున్నర మీటర్లు, 80కి 200 మీటర్లు. మందంలోకి దిగే దారం, కొసలు, నమూనాలు కలిపి పైకీ కిందకీ చెరో 300 మీటర్లు ఉంచుకోండి. డిజైన్ మధ్యలో బాబిన్ అయిపోతే అతుకు కనబడుతుంది, నాలుగైదు హూప్‌లకోసారి చూసుకుంటుండాలి.

దారం దానంతటదే కత్తిరించే సదుపాయాన్ని ఆపేయండి. అది కత్తిరించిన చోట అడుగున దారం పిచ్చుకగూడులా చిక్కుపడుతుంది. దానికి బదులు పైదారం కొస పట్టుకుని, సూదిని ఒకసారి దించి లేపి, అడుగు దారాన్ని పైకి లాగండి. రెండు కొసలూ పట్టుకుని మూడు నాలుగు కుట్లు పడ్డాక వదిలేయండి. చివర ఆరంగుళాల కొసలు వదిలి, ముడివేసి, చేతి సూదితో దూది పొరలోకి దాచేయాలి. రోజూ వాడి ఉతికే క్విల్ట్ అయితే అంత శ్రమ అక్కర్లేదు, డిజైన్‌లోనే మొదటా చివరా ముడికుట్లు ఉంచి కొసలు కత్తిరించేయొచ్చు.

దారం పదేపదే తెగుతుంటే ముందు సూది మార్చండి, తర్వాత వేగం తగ్గించండి, ఆ తర్వాతే టెన్షన్ ముట్టుకోండి. స్ప్రే జిగురు ఎక్కువైతే సూదికి అంటుకుని కుట్లు తప్పుతాయి, స్పిరిట్ తడిపిన గుడ్డతో సూది తుడవాలి.

అయినా అతుక్కునే డిజైనే కావాలంటే, నిండు 8 అంగుళాల డిజైన్ 200 మిల్లీమీటర్ల హూప్‌లో పట్టదు కాబట్టి, 80 అంగుళాలను 11 వరసలు చేసి, 88 హూప్‌లకు సిద్ధపడండి. డిజైన్ మొదటి కుట్టు దగ్గరికి సూదిని తెచ్చి, చేత్తో చక్రం తిప్పి దించి, పాత గీత చివరి రంధ్రంలో సరిగ్గా పడుతోందా చూడాలి. అలాగే చివరి కుట్టుకు తీసుకెళ్లి అది మీరు గీసిన గీత మీద పడుతోందా చూడాలి. రెండూ కుదిరితేనే కుట్టండి. ఒకటి కుదిరి రెండోది కుదరకపోతే డిజైన్‌ని ఒకటి రెండు డిగ్రీలు తిప్పితే సరిపోతుంది, హూప్ విప్పనక్కర్లేదు.

ఇదంతా చదివాక భారంగా అనిపిస్తే, లేదా హూప్ 5×7 అంగుళాలదే అయితే, ఇంకో దారి ఉంది. తర్వాత చేయబోయే క్విల్ట్‌ని పైపొర మొత్తం కలపకుండా, ఒక్కో బ్లాకుకీ దూదీ అస్తరూ పెట్టి హూప్‌లోనే కుట్టేసి, ఆఖర్న పట్టీలతో బ్లాకులను కలపండి. బరువు సమస్యే ఉండదు. కానీ మీ పైపొర ఇప్పటికే అతికేసి ఉంది కాబట్టి దాన్ని విప్పమని చెప్పను.

కుట్టడం అయ్యాక ఇస్త్రీ పెట్టకండి. నీళ్లతో పోయే పెన్ను గీతలు వేడి తగిలితే గుడ్డలో స్థిరపడిపోతాయి. ముందు చల్లటి నీళ్లలో, సబ్బు లేకుండా పూర్తిగా ముంచి తీయండి. పైపైన తడిపితే సిరా దూదిలోకి దిగి ఆరాక మళ్లీ పైకి వస్తుంది.